లెక్క ముందు, లొల్లి తర్వాత



ఎవరి స్మృతిలో ఇక్కడ కూడామో ఆ వకీల్ సాబ్ దగ్గర పని నేర్చుకున్న వాళ్లం ఈ సభలో చాలామందిమి ఉన్నాం. ఆలుమగల కేసు వస్తే ఆయన ముందుగా ఒక తెల్లకాగితం తీసి నడిమికి గీత కొట్టేవారు. ఒక పక్క రాబడి, ఒక పక్క ఖర్చు. వచ్చినవాళ్లు అత్త మాటలతోనో, అల్లుడి తాగుడుతోనో మొదలుపెట్టబోతే, "లెక్క ముందు చెప్పు బిడ్డా, లొల్లి తర్వాత చెప్పు" అనేవారు. ఈరోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

పెళ్లి విరిగినప్పుడు తప్పెవరిదనేది ఒక ప్రశ్న. ఇన్నాళ్లూ ఇంటి ఖర్చు ఎవరు మోశారు, ఇకమీదట ఎవరు మోయాలి, కేసు ఖర్చు ఎవరు పెట్టాలి అనేది వేరే ప్రశ్న. మన పంచాయితీల్లోనూ, కొంతవరకు మన కోర్టుల్లోనూ మొదటి ప్రశ్న రెండోదాన్ని మింగేస్తోంది. తప్పు తేలేదాకా లెక్క ఆగుతుంది. అలా ఆగినంతకాలం నలిగేది చేతిలో పైకం లేని మనిషి.

స్మృతుల్లో ఉన్న లెక్క

మంత్రకూటమని పేరున్న మంథని మన ఊరు. స్మృతులు చదివిన ఇళ్లున్న ఊళ్లో ఈ విషయం ఎత్తుకొని యాజ్ఞవల్క్యుణ్ని తలవకపోతే పెద్దలు ఒప్పుకోరు. ఆ స్మృతిలో రెండు నియమాలున్నాయి. చెప్పిన మాట వింటూ, ఇంటిపని చక్కబెడుతూ, కొడుకును కన్న, ప్రియంగా మాట్లాడే భార్యను వదిలేసినవాడి చేత ఆస్తిలో మూడోవంతు ఇప్పించాలన్నది ఒకటి. ఆస్తి లేనివాడైతే ఆమెకు భరణమైనా ఇవ్వాలి. మొదటి భార్య ఉండగా మరో పెళ్లి చేసుకున్నవాడు, ఆ రెండో పెళ్లికి అయిన ఖర్చుకు సమానమైన సొమ్ము మొదటి భార్యకు ఇవ్వాలన్నది రెండోది. అంతకుముందే ఆమెకు స్త్రీధనం ఇచ్చి ఉంటే ఆ సొమ్ములో సగం ఇస్తే చాలు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యే తర్వాత మన ప్రాంతపు హిందూ న్యాయానికి ఆధారమైంది. పదమూడో శతాబ్దంలో కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెలుగులోకి తెచ్చాడు. మన భాషలో ధర్మశాస్త్రానికి ఏడు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉందన్నమాట.

ఈ రెండు నియమాలను పక్కపక్కన పెట్టి చూడండి. రెండోది శుద్ధమైన లెక్క. కొత్త పెళ్లికి ఎంత పెట్టావో పాత భార్యకు అంత పెట్టు అంటుంది, ఆమె ఎలాంటిదని అడగదు. మొదటిది ఏకంగా మూడోవంతు ఇస్తుంది, కానీ ముందు నాలుగు మంచి గుణాల పరీక్ష పెడుతుంది. ఆమె ప్రియంగా మాట్లాడేది కాదని మొగుడు అంటే మూడోవంతు పోయినట్టే. లెక్కలోకి తప్పును చొప్పించడం అంత పాత అలవాటు మనకు.

పెద్దమనుషుల పంచాయితీ

మన ఊళ్లలో తెగతెంపులు చాలావరకు కోర్టు మెట్లెక్కక ముందే పెద్దమనుషుల దగ్గర అవుతాయి. ఇరువైపులా డిపాజిట్ కట్టించుకొని కూర్చుంటారు. ఈ పంచాయితీలను వకీళ్లం తేలిగ్గా తీసిపారేస్తాం కానీ, వాటిలో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. వాళ్ల దగ్గర జాబితా ఉంటుంది. సామాను వాపసు ఇచ్చే రోజు అమ్మాయి తరఫువాళ్లు డీసీఎం వ్యాను తెచ్చి వాకిట్లో ఆపుతారు. ఒకాయన కాగితం పట్టుకొని చదువుతుంటాడు: బీరువా ఒకటి, డబుల్ కాట్ మంచం ఒకటి, పరుపు, ఫ్రిజ్, మిక్సీ, ఇత్తడి బిందెలు రెండు, కంచాలు, గ్లాసులు. చదివినకొద్దీ ఒక్కొక్కటి వ్యానెక్కుతుంది. ఒక గిన్నె తక్కువైతే అక్కడే లొల్లి, అక్కడే పరిష్కారం. సాయంత్రానికి వాకిలి ఖాళీ.

ఆ జాబితాలో పడనివి చాలా ఉంటాయి. పదేళ్లు ఆమె ఆ బిందెలతో మోసిన నీళ్లు అందులో లేవు. బీడీలు చుట్టి తెచ్చిన సొమ్ముతో కొన్న బియ్యం లేదు. ఆమె పేరు మీద మహిళా సంఘంలో తీసుకున్న అప్పు లేదు. ఈ అప్పు సంగతి కొంచెం ఆగి చూడాలి. సంఘంలోనో, స్త్రీనిధిలోనో అప్పు ఆమె పేర ఉంటుంది. ఆ పైసలతో కొన్న ఆటో అతని పేర ఉంటుంది. విడిపోయిన మరుసటి నెల కిస్తీ కట్టమని తోటి సభ్యులు వచ్చి కూర్చునేది ఆమె పుట్టింటి గుమ్మంలో. ఆటో మాత్రం అడ్డా మీద తిరుగుతూనే ఉంటుంది.

పైగా కొన్నిచోట్ల పెద్దమనుషులు తప్పు కట్టిస్తారు. ఎవరిది తప్పని తేలిందో వాళ్ల డిపాజిట్‌లోంచి కోత పడుతుంది, పంచాయితీ ఖర్చు కూడా అందులోంచే పోతుంది. ఎదుటివాళ్లకు ఎంత రావాలో చూడక ముందే శిక్ష పడిపోతుంది.

చట్టం ఏమంటోంది

1955 నాటి హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ మన వకీల్ సాబ్ చెప్పిన పద్ధతిలోనే నడుస్తుంది. కేసు నడిచే కాలంలో, సొంత ఆదాయం చాలని భార్యకు గానీ భర్తకు గానీ, అవతలివారు నెలనెలా మనోవర్తితో పాటు కేసు ఖర్చులు కూడా ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. ఇద్దరి ఆదాయాలనూ చూసి మొత్తం నిర్ణయించమంటుంది. తప్పెవరిదో ఇంకా తేలని దశ అది. 2001లో చేసిన సవరణ, నోటీసు అందిన నాటి నుంచి 60 రోజుల్లో ఈ దరఖాస్తును వీలైనంతవరకు తేల్చాలని చెప్పింది. అదే ఏడాది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లో అప్పటిదాకా ఉన్న నెలకు 500 రూపాయల పరిమితిని ఎత్తేశారు, మధ్యంతర భరణాన్నీ కేసు ఖర్చులనూ చేర్చారు. 2024 జులై 1 నుంచి ఆ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ వచ్చింది. నియమం మాత్రం మారలేదు.

తప్పు ప్రస్తావన చట్టంలో లేకపోలేదు. విడాకుల తర్వాత శాశ్వత భరణం నిర్ణయించే హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ ఇద్దరి ప్రవర్తననూ చూడమంటుంది. 144వ సెక్షన్ కూడా కొన్ని సందర్భాల్లో భార్యకు భరణం లేదంటుంది. తప్పును చట్టం వదిలేయలేదు, దానికి వేరే చోటు ఇచ్చింది. మనమే మొదటి వాయిదా నుంచే దాన్ని ముందుకు తోస్తున్నాం.

ఆదాయం దాచడం మన కేసుల్లో పెద్ద జబ్బు. సింగరేణిలోనో ఎన్టీపీసీలోనో పనిచేసేవాడి జీతం కాగితం మీద కనబడుతుంది. గల్ఫ్‌లో ఉన్నవాడి జీతం, వ్యాపారం చేసేవాడి రాబడి కనబడవు. ఇంకోవైపు ప్రైవేటు బడిలో పనిచేస్తూ నాకు ఆదాయమే లేదని పిటిషన్ వేసే భార్యలూ ఉన్నారు. అందుకే 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు, జస్టిస్ ఇందు మల్హోత్రా, మన మెదక్ జిల్లాకు చెందిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ఉన్న ధర్మాసనం, భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, రాబడి, ఖర్చులతో ప్రమాణపత్రం దాఖలు చేయాల్సిందేనని చెప్పింది. భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కకట్టాలనీ, ఒక కోర్టులో వచ్చిన మొత్తాన్ని మరో కోర్టులో చెప్పి సర్దుబాటు చేయాలనీ ఆదేశించింది. మన వకీల్ సాబ్ గీత కొట్టిన కాగితం ఇప్పుడు దేశమంతటికీ ఫారం అయిందని నేను సంతోషిస్తుంటాను.

ఇది ఒక మతానికి పరిమితమైన సంగతి కూడా కాదు. మన తెలంగాణ నుంచే వెళ్లిన ఒక కేసులో విడాకులు పొందిన ముస్లిం మహిళకు కుటుంబ న్యాయస్థానం నెలకు 20 వేలు మధ్యంతర భరణం ఇచ్చింది, హైకోర్టు దాన్ని 10 వేలు చేసింది. భర్త సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఆమెకూ 125వ సెక్షన్ వర్తిస్తుందని 2024 జులై 10న జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ తీర్పు చెప్పారు. ఇల్లు నడిపే భార్యకు సొంత రాబడి లేనప్పుడు భర్త ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరిచి, ఏటీఎం కార్డు ఆమె చేతికీ ఇవ్వాలని జస్టిస్ నాగరత్న అందులో రాశారు. పెళ్లి బాగున్న రోజుల్లోనే లెక్క ఇద్దరి కళ్లముందూ ఉండాలని దాని అర్థం.

ఇంటి మీద పెట్టినదీ, ఇంట్లో పెట్టినదీ

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఒకామె నాతో అన్న మాట మీకు చెబుతాను: "సార్, ఆయిన జీతం ఇంటి మీద వెట్టిండు, నా జీతం ఇంట్ల వెట్టిన." ఇంతకంటే సూటిగా ఈ సమస్యను ఏ న్యాయమూర్తీ చెప్పలేదు.

అంకెల్లో చూద్దాం. అతని జీతం నెలకు 50 వేలు, ఆమె జీతం 15 వేలు అనుకోండి. ఇంటి అప్పు కిస్తీ 20 వేలు అతని ఖాతాలోంచి పోతుంది. ఆమె 15 వేలూ కిరాణాకు, పాలకు, పిల్లల ఫీజులకు, మందులకు పోతాయి. పదేళ్లలో అతను కట్టిన కిస్తీలు 24 లక్షలు, ఆమె పెట్టిన ఖర్చు 18 లక్షలు. విడిపోయే రోజున ఇల్లు అతని పేర నిలబడి ఉంటుంది. ఆమె పెట్టిన 18 లక్షలు తిని, తాగి, తొడిగి అయిపోయాయి. ఆమె ఆ ఖర్చు మోయకపోయి ఉంటే ఆ 15 వేలు అతని 50లోంచే పోయేవి. అప్పుడు కిస్తీకి అంత మిగిలేదా?

మన చట్టంలో భార్యాభర్తలు కూడబెట్టిన ఆస్తిని విడాకుల వేళ పంచే సాధారణ నియమం లేదు. పెళ్లి సమయంలో ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన కానుకల గురించి హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ మాట్లాడుతుంది, అంతే. 2010లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన వివాహ చట్టాల సవరణ బిల్లు భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇప్పించే అధికారాన్ని కోర్టులకు ఇవ్వబోయింది. 2013లో రాజ్యసభ ఆమోదించింది కూడా. మరుసటి ఏడు లోక్‌సభ రద్దవడంతో అదీ పోయింది. గోవాలో మాత్రం పోర్చుగీసు కాలపు 1867 నాటి పౌరచట్టం వల్ల, వేరే ఒప్పందం లేకపోతే దంపతుల ఆస్తి ఉమ్మడిదే, విడిపోతే చెరిసగం. ఇంగ్లండ్‌లో 2000 సంవత్సరంలో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక రైతు దంపతుల కేసులో, సంపాదించినవారికీ ఇల్లు చూసుకున్నవారికీ మధ్య వివక్ష చూపరాదని తేల్చింది.

మనకు ఇంకా దగ్గరి కేసు 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టులో వచ్చింది. భర్త సౌదీలో పదకొండేళ్లు పనిచేసి డబ్బు పంపాడు. భార్య ఇక్కడ పిల్లల్ని సాకుతూ ఆస్తులు కొన్నది. తిరిగొచ్చాక ఆ ఆస్తులన్నీ తనవేనన్నాడు. ఇంట్లో ఆమె చేసిన పని వల్లే అతను నిశ్చింతగా సంపాదించగలిగాడు కాబట్టి ఆ ఆస్తుల్లో ఇద్దరికీ సమాన హక్కు ఉందని జస్టిస్ కృష్ణన్ రామస్వామి తీర్పు చెప్పారు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లలో గల్ఫ్ పైసలతో లేచిన ప్రతి ఇంటికీ ఈ కథ సరిపోతుంది. ఆ తీర్పుకు తెలంగాణ కోర్టులు కట్టుబడి ఉండనక్కర్లేదు. అయితే మన వాదనల్లో దాన్ని వాడుకోవడానికి అడ్డేమీ లేదు.

ఇంటిపనికి లెక్క కట్టలేమనేవారికి ఒక అంకె చెబుతాను. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి రోజుకు సగటున ఆడవాళ్లు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెట్టారు. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ఈ అంకెల్నే ఉదహరించి గృహిణి పనికి విలువ కట్టడం న్యాయమన్నారు. ప్రమాదంలో చనిపోయిన గృహిణికి విలువ కట్టే న్యాయం, బతికుండి విడిపోయే గృహిణికి ఎందుకు కట్టకూడదు?

ఎవరి ఖర్చులు వారే

ఇక కేసు ఖర్చులు. సివిల్ కేసుల్లో ఓడినవారు గెలిచినవారి ఖర్చులు భరించాలన్నది సాధారణ సూత్రం. ఆలుమగల కేసుల్లో తీర్పు చివరి వాక్యం చాలాసార్లు ఇలా ఉంటుంది: ఎవరి ఖర్చులు వారే భరించాలి. వినడానికి ఎంతో సమానంగా ఉంటుంది. నెలకు 50 వేలు వచ్చేవాడికి 40 వేల ఖర్చు నెల జీతం కూడా కాదు. 15 వేలు వచ్చేదానికి అదే ఖర్చు దాదాపు మూడు నెలల కూడు.

ఖర్చంటే వకీలు ఫీజు ఒక్కటే కాదు. టైపింగు, నోటరీ, జిరాక్సులు, నోటీసు ఖర్చు, తీర్పు నకళ్లు, సాక్షుల రాకపోకలు కలిపితేనే ఖర్చు. ఒకే సంసారం మీద భరణం కేసు ఒక కోర్టులో, గృహహింస కేసు ఇంకో కోర్టులో, విడాకుల పిటిషన్ మరో ఊళ్లో నడుస్తుంటే ప్రతి వాయిదాకూ ఒక దినం పోతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం వల్ల ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ తప్పింది. మంథని నుంచి కరీంనగర్ పోయిరావడానికి టికెట్ అక్కర్లేదు. పోయిన కూలీ, చుట్టని బీడీలు మాత్రం పోయినట్టే. 24వ సెక్షన్ దరఖాస్తులో వకీలు ఫీజు ఒక్కటే రాసి మిగతావి వదిలేసేది మనమే. కోర్టు అడిగినదే ఇస్తుంది, అడగనిది ఇవ్వదు.

నా ఉద్దేశంలో ఖర్చుల పంపకానికి న్యాయమైన కొలత రాబడి. పైన చెప్పిన దంపతులకు మొత్తం 65 వేల కేసు ఖర్చు అయిందనుకోండి. అతని వంతు 50 వేలు, ఆమె వంతు 15 వేలు. ఆమె రాబడి ఎక్కువైతే లెక్క తిరగబడాలి, దాన్ని కూడా ఒప్పుకోవాలి. 24వ సెక్షన్ భర్తకూ ఉంది కదా. ఎవరి మీద తప్పు తేలినా ఈ కొలత మారకూడదు. ఒక్క మినహాయింపు చెబుతాను. అబద్ధపు ప్రమాణపత్రంతోనో, కావాలని వాయిదాలు అడుగుతూనో కేసు సాగదీసినవారు ఆ సాగదీతకైన ఖర్చు పూర్తిగా భరించాలి. అక్కడ శిక్ష న్యాయమే, ఎందుకంటే ఆ తప్పు కోర్టు కళ్లముందే జరిగింది.

చేతిలో ఏమీ లేనివారికి ఇంకో దారి ఉంది. 1987 నాటి న్యాయ సేవల సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 1995 నవంబర్ 9న. అప్పటి ప్రధాని మన మంథని నుంచి నాలుగుసార్లు శాసనసభకు గెలిచిన పి.వి. నరసింహారావు గారు. ఆ హక్కు వచ్చి ఇన్నేళ్లయినా, ఆ సాయం కోసం 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చని మన పల్లెల్లో ఎంతమంది ఆడబిడ్డలకు తెలుసు?

ఆర్డరు చేతికొచ్చాక కూడా డబ్బు రాకపోతే ఏం చేయాలో తెలిసి ఉండాలి. 144వ సెక్షన్ కింద ఎగ్గొట్టిన ఒక్కో నెల భరణానికి నెల దాకా జైలు పడవచ్చు. కానీ బకాయి పడిన నాటి నుంచి ఏడాదిలోపు దరఖాస్తు పెట్టుకోవాలి. ఇస్తాడులే అని ఎదురుచూస్తూ ఏడాది దాటించినవాళ్లు ఆ పాత నెలలకు వారెంటు అడిగే దారిని పోగొట్టుకుంటారు. సివిల్ డిక్రీ అయితే జీతం జప్తు కూడా ఉంది. భరణం డిక్రీలో జీతంలో మూడోవంతుకు మాత్రమే రక్షణ, మిగతాది జప్తు చేయవచ్చు.

చివరిగా

పరస్పర అంగీకారంతో విడిపోయేవారికి హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్ ఉంది. ఆరు నెలల గడువును తగిన కేసుల్లో మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఒప్పంద పత్రంలో ఇంత మొత్తం ఇచ్చి తెగతెంపులు చేసుకున్నామని ఒక్క వాక్యం రాసి ఊరుకోవద్దని వకీలు మిత్రులకు నా మనవి. బంగారం, సామాను, పిల్లల ఫీజులు, సంఘం అప్పు, చిట్టీలు, రెండువైపుల వకీలు ఫీజు, ఒక్కొక్కటీ ఎవరి వంతో విడివిడిగా రాయండి. అంగీకారం కుదరని కేసైతే ప్రమాణపత్రం, 24వ సెక్షన్ దరఖాస్తు మొదటి వాయిదాకే వేయండి.

పంచాయితీ పెద్దలకు నా మనవి: సామాను జాబితా రాసే కాగితం మీదే అప్పుల జాబితా కూడా రాయించండి. ఆటో ఎవరి దగ్గర ఉంటే కిస్తీ వారిదే అని తీర్మానించండి. తప్పు కట్టించే ముందు లెక్క తేల్చండి.

కొత్తగా కాపురం పెట్టిన పిల్లలకు ఒక మాట చెప్పి ముగిస్తాను. ఇల్లు కొంటే ఇద్దరి పేర రిజిస్టరు చేయించుకోండి. కిస్తీ ఇద్దరి ఖాతాల్లోంచి పోనివ్వండి, కిరాణా ఖర్చు కూడా ఇద్దరి ఖాతాల్లోంచి పోనివ్వండి. కలిసి బతికినన్నాళ్లు ఆ లెక్క మీకు అవసరం రాకపోవచ్చు, రాకూడదనే నేనూ కోరుకుంటాను. అవసరం వచ్చిన రోజున మాత్రం, కోర్టులో ఎంత పెద్ద వకీలు చెప్పే మాట కంటే ఆ రెండు పాసుబుక్కులే గట్టిగా మాట్లాడతాయి.